తల్లిమన్ను

మృగశిరకార్తె ప్రవేశించి నాలుగు దినములైనను ఎండకుఁ గ్రాఁగిన బండల వేఁడి యింకను జల్లాఱని నల్లమల కొండవరుసలపైఁ దొలకరి మొయిళ్ళు దొంతరలు దొంతరలుగాఁ బేరుకొని యొకదానిపై నొకటి యొరగి నిలిచి పల్లములందు నిదురించుచున్న సెలయేళ్ళను మేలుకొలిపి వెదురుపొదలనుండి జాఱు నీటిచుక్కల సవ్వడి దక్క వేఱొక సవ్వడి వినరాకుండఁ జేసిన యొకానొక సాయంసమయమున, ఆ కొండల యడుగున గుండ్లకోన యను చిన్నయూరి తూర్పుకొసను మట్టిగోడ చుట్టిన యొక పూలతోఁటలో, అఱువదిరెండేండ్ల వయసు గల పురుషుఁ డొకఁడు గోనెపట్టను తలపైఁ గప్పుకొని తడినేలపై మోకాళ్ళూని గుప్పెఁడంత పాదువంకఁ గన్నార్పక చూచుచుండెను. ఆ పాదులో నేమియు లేదు. మొలక లేదు, పుల్ల లేదు, గడ్డిపరకయైనను లేదు. అయినను అతఁడు దానితో మాటలాడుచుండెను.

అతని పేరు శఠగోపయ్య. ఊరివారు నంబి యని పిలుతురు. అతని వంశమువా రేడెనిమిది తరములనుండి యా యూరి నృసింహస్వామికిఁ బుష్పకైంకర్యము చేయువారు. అనఁగా నింటి పెరటిలోఁ బూలు పెంచి తెల్లవాఱుసరికిఁ గోసి మాలలు గట్టి గుడికిఁ గొనిపోయి యర్చకుని చేతికిచ్చుట వారి వృత్తి. భార్య గోదమ్మ యున్నంతకాలము కోయుట యతని పనియు గట్టుట యామె పనియు నై యుండెను. ఆమె పోయి పదునొకం డేండ్లైనది. బిడ్డలు లేరు. రెండు పనులును అతఁ డొక్కఁడే చేయ నేర్చుకొనెను గాని యిద్దఱి మాటలును ఒక్కఁడే యాడుకొనుట మాత్ర మతనిచేఁ గాలేదు. ఉదయమున గుడిలో సింగరాచార్యులను నర్చకుఁడు "ఏం నంబీ, ఇయ్యాళ సన్నజాజులు తగ్గినాయే?" యనుటయు, "వాన లేదు సామీ" యని యితఁ డనుటయు, అంతటితో నానాఁటి సంభాషణము ముగియుటయు నతని దినచర్య. మిగిలిన మాటలన్నియు మొక్కలకే దక్కుచుండెను. నంబిమాట మనుషులకుఁ గఱవు, మొక్కలకు ఎరువు అని యూరిలోని కొంటెవారు సామెత కట్టిరి. ఆ సామెత యతని చెవిని బడినను అతఁడు కోపపడలేదు, ఏలయన నది నిజము.

ఆ పాదులో నతఁ డెదురుచూచుచున్నది యేమో చెప్పవలయును. ఆ కొండలలో నెమలిబోడను నొక యేటవాలునందు మాత్రమే పెరుఁగు తెల్లని నేలపువ్వొకటి కలదు. అది యిరుప్రక్కలఁ జీలికలు చీలికలైన ఱెక్కలు చాఁచి వెనుకఁ బొడవైన తోఁక వ్రేలాడవేసి యెగురఁబోవు పక్షివలె నుండును. పగలు వాసన తెలియదు గాని ప్రొద్దుగ్రుంకినతోడనే దాని పరిమళము నూఱడుగుల దూరమునకుఁ దెలియును. గుడిలో దానిని శ్వేతగరుడమందురు. అడవిలోఁ జెంచులు దానినే కొంగరెక్క యందురు. గరుత్మంతునకును గొంగకును గల తారతమ్యము పువ్వునకుఁ దెలియదు గావున నది యేఁటేఁట నిద్దఱికిని బూచుచుండెను. శ్రావణమాసమున గరుడపంచమినాఁ డా పువ్వు స్వామిపాదములఁ బెట్టుట గుండ్లకోన యాచారము. శఠగోపయ్య తాత గంపెఁడు కోసెను. తండ్రి చేటెఁడు కోసెను. ఇతఁడు దోసెఁడు కోసెను. పూచిన ప్రతిపువ్వును గోసినచోఁ గాయ యెట్లగును, విత్తెట్లు రాలును అని మూఁడు తరములలో నొక్కరికిని దోఁచలేదు. దీనికిఁదోడు రెండేండ్ల క్రిందట నెమలిబోడునకు ఱాళ్ళు గొట్టువారు వచ్చిరి. గతవర్షమున శఠగోపయ్య పంచమికి ముందు పోయి చూడఁగా నాలుగు మొక్కలు మాత్రమే మిగిలి యుండెను. ఒకదానికిని మొగ్గ లేదు. పంచమినాఁ డతఁ డుత్తచేతులతో గుడికిఁ బోయెను.

అప్పుడతనికి భయము పుట్టెను. తన చేతిలో నొక జాతి యంతరించుచున్నదని తెలిసి, ఆ నాలుగింటిని గడ్డలతోఁ ద్రవ్వి తన పెరటిలోఁ బెంచుట కింటికిఁ దెచ్చెను. ఇక్కడనే పొరపాటు జరిగినది. స్వామి తోఁటలోనికిఁ గ్రొత్తగా వచ్చు ప్రతిమొక్కకును వేళ్ళను శుభ్రముగాఁ గడిగి పసుపునీటఁ దానమాడించి లోనికిఁ జేర్చుట యా యింటి మడి. బంతి, చేమంతి, మరువము, దవనము అన్నియు నట్లు తానమాడియే యా తోఁటలోఁ గాపురము పెట్టినవి. అందుచే నతఁడు నాలుగు గడ్డలను మన్నురవ్వయైన నంటియుండకుండ ముత్యములవలెఁ గడిగి, పసుపునీట ముంచి తీసి, జల్లించిన మెత్తని మట్టిలో మాఁగిన పేఁడయెరువు కలిపి నాఁటి, చేతులు జోడించెను. పదునైదు దినములలో నాలుగును గుళ్ళిపోయెను.

ఆ వారములోనే తేనె యమ్మవచ్చిన ఈదమ్మ యను చెంచువృద్ధ యా సంగతి కనిపెట్టెను. ఆమెయే యతనికి మిగిలిన నాలుగు మొక్కలున్న తావు చూపినది. గోడకావల నిలిచి యామె యడిగెను.

"కొంగరెక్కలు యాడ పెట్టినావు సామీ?"

శఠగోపయ్య కుళ్ళిన గడ్డ నొకదానిని దెచ్చి చూపెను. ఆమె దానిని ముక్కునొద్దఁ బెట్టుకొని బొమలు ముడిచెను.

"పసుపు వాసన కొడతాండాదే. ఏం జేసినావు?"

"కడిగినాను. స్వామి తోటలోకి వచ్చేదానికి మైల ఉండగూడదు గదా."

"మైల గాదు సామీ అది, తల్లిమన్ను!" అని యామె గడ్డను నేలపైఁ బెట్టి తలఁ గొట్టుకొనెను. "ఈ గడ్డకు తినేదానికి నోరు లేదు. ఆ మన్నులో బూజు మాదిరి తెల్లగా ఉంటాదే, అదే తెచ్చి పెడతాది, కాకి పిల్లకు పెట్టినట్ల. నువ్వు తల్లిని కడిగి పారబోసి బిడ్డకు పెరుగన్నం పెట్టినావు."

చేతులు కాలిన పిదప నాకులు పట్టుకొని ప్రయోజనమేమి? శఠగోపయ్య పసుపు నీటిచెంబువంకఁ జూచెను. అతని తల్లియు, తండ్రియు, గోదమ్మయు నా చెంబుతోనే యెన్నియో మొక్కలకుఁ దానము చేయించిరి. శుభ్రముచేతఁ జచ్చునది యొకటి లోకమునఁ గలదని వారెవరును జెప్పలేదు. అతనికి దుఃఖము వచ్చెను. పరాయిదాని యెదుట నేడ్చుట సిగ్గుగాఁ దోఁచి తల త్రిప్పుకొనెను.

ఈదమ్మ యతని మొగము చూచి, "ఇంకొకటి ఉండాది. బోడు వెనక బండ కింద. రాయి కొట్టేటోళ్ళు ఆడికి ఇంకా రాలేదు. నేను తెస్తాలే" యనెను.

అన్నమాటప్రకార మామె మఱువారమునఁ బెద్ద మోదుగాకుల దొప్పలో మానెఁడు మన్నుతోడ నొక్క గడ్డను దెచ్చెను. దాని కంటియున్న యాకొకటి యప్పటికే పసుపువన్నెకుఁ దిరిగియుండెను. శఠగోపయ్య చేయి వాడుకచొప్పున చెంబుమీఁదికిఁ బోయెను. ఈదమ్మ దొప్పను ఱొమ్మున కదుముకొని రెండడుగులు వెనుకకు వేసెను.

"ఆ చెంబు ఆడ పెట్టు సామీ. కడిగేటట్టయితే నేను తీసకపోతా."

ఎనిమిది తరముల మడి యొకవంకను, చివరి గడ్డ యొకవంకను నిలిచినవి. అతఁడు చెంబు దించెను. ఆమె తన చేతులతోనే గోడనీడను బండయొద్ద గుంత త్రవ్వి మన్నుతోఁగూడ నా గడ్డను బాఁతెను. "ఈ ఆకు ఎండిపోతాది. చచ్చిందనుకోని తవ్వి చూసేవు! తవ్వితే అదే చావు. ఎండకాలం చుక్క నీళ్ళు పోయొద్దు. వాన పడేదాకా ఊరికే కూర్చో" యని చెప్పి తేనెకుండ నెత్తి నెత్తుకొని పోయెను.

ఊరకే కూర్చుండుట తోఁటపనివానికిఁ గఠినశిక్ష. ఆకు ఎండి రాలెను. చలికాలము గడచెను. ఎండకాల మగ్నివలె వచ్చెను. బొండుమల్లెలకు దినమునకు రెండుమాఱులు నీరు పోయు నతఁ డా యొక్క పాదుయొద్ద మాత్రము చెంబు వెనుకకుఁ దీసికొనుచు, అది లోపల నున్నదో లేదో తెలియక, అడుగుటకు మనుష్యుఁడు లేక, "ఉండావా? ఉండావా?" యని దానినే యడుగుచు నెనిమిది నెలలు గడపెను.

ఇట్లు తొలకరివానలో మోకాళ్ళూని చూచుచున్న యా సాయంకాలమునకుఁ దరువాతి యాఱవదినమున నేల చీలి పచ్చని మొన యొకటి కనఁబడెను. శఠగోపయ్య దానిని వ్రేలితోఁ దాఁకుటకుఁ గూడ భయపడెను. సంతోషమునకు వినువాఁడు కావలయును గదా. మఱునాఁడు పూలగంప యిచ్చునపుడు సింగరాచార్యులతో నాపుకొనలేక, "సామీ, శ్వేతగరుడం మొలిచింది" యనెను. ఆ యొక్కమాట మధ్యాహ్నమునకు ధర్మకర్త నాగిరెడ్డి యింటికిని సాయంకాలమునకు సంతవీథికిని బ్రాఁకెను. గతవర్ష మాచారము తప్పినందుననే పశువులకుఁ గాళ్ళరోగము వచ్చినదని నమ్ముచున్న యా యూరివారికి, ఈ పంచమికిఁ బువ్వు తప్పదను మాట పండుగవలె నుండెను.

మొలక యాకులు వేసి, నడుమ నొక్క కాడను బెంచి, ఆ కాడకొనయం దొకేయొక్క మొగ్గను నిలిపెను. పంచమి నాలుగు దినములున్నదనఁగా సింగరాచార్యులు స్వయముగా వచ్చి చూచి పరవశుఁడయ్యెను. చెడ్డవాఁడు కాఁడు, స్వామిని బ్రేమించువాఁడు. శఠగోపయ్య యాతని కాళ్ళయొద్దఁ గూర్చుండి, యీ పువ్వు కోయనని చెప్పెను.

"ఏమయ్యా, మతి పోయిందా? పువ్వు స్వామిది కాదా?"

"స్వామిదే. కోస్తే కాయ ఉండదు, విత్తు ఉండదు. ఇదొక్కటే ఉండాది సామీ."

"గడ్డ ఉంటుంది కదా. వచ్చే ఏడు మళ్ళీ పూస్తుంది. స్వామి చూసుకుంటాడు."

"స్వామి చూసుకుంటాడనే మా తాత గంపతో కోసినాడు, మా నాయన చేటతో కోసినాడు. వచ్చే ఏటికి ఎలుక తింటే?"

ఆచార్యులు మొగ్గవంకఁ జూచెను. పిదప గొంతు తగ్గించి, "నాకు అర్థమవుతుంది నంబీ. రెడ్డికి కాదు. ఊరంతా ఎదురు చూస్తున్నారు. పువ్వు తేకపోతే కైంకర్యం ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఈ వయసులో గుడి గడప కూడా పోగొట్టుకుంటావా?" యనెను.

ఆ మాట తగులవలసినచోటనే తగిలెను. శఠగోపయ్యకుఁ గైంకర్యము కూటికొఱకు గాదు; ఒక్కనికి బొజ్జ యెంత? ఉదయమున లేచుట కదియొక్కటే హేతువు. గంప చేతఁబట్టి వీథివెంటఁ బోవునపుడు మాత్రమే యతఁ డూరిలో నొకఁడు. అది పోయినచో సన్నజాజులు తగ్గినవేమని యడుగువాఁడు కూడ నుండఁడు. ఆ నాలుగు దినములు నతఁడు సరిగాఁ దినలేదు. కోసి యిచ్చివేయుదమని రెండుమాఱులు లేచెను. చవితినాఁటి సంధ్యవేళ మొగ్గ విచ్చి తెల్లని ఱెక్కలు చాఁపి తోఁట నంతయుఁ బరిమళముతో నింపఁగా, పూలకత్తి చేతఁ బట్టుకొని దాని ముందఱ నిలిచి, గోదమ్మ యుండిన నేమనునో యని తలపోసెను. ఆమె కోయుమనియే యనును. ఆమెకు స్వామియన్న నంత భక్తి. ఆ సంగతి తెలిసియు నతఁడు కత్తిని జూరులోఁ జెక్కెను. పదునొకం డేండ్లలో నామె మాటకు నతఁ డెదురాడిన దదియే మొదలు.

మఱునాఁడు మల్లెలు, మరువము, తులసి గల గంపతో గుడికిఁ బోయి జనులందఱు వినుచుండఁగా, పువ్వు పూచినదనియు తాను దేలేదనియు నతఁడే చెప్పెను. అబద్ధమాడి యెండిపోయినదని చెప్పియుండిన నెవ్వరు నేమియు ననియుండరు. ఆ యుపాయ మతనికిఁ దోఁచలేదు. నాగిరెడ్డి మొగ మెఱ్ఱవాఱెను.

"ఏం నంబీ, స్వామికంటే పువ్వు ఎక్కువైపోయెనా నీకు?"

"ఎక్కువ గాదు రెడ్డీ. ఒక్కటే ఉండాది."

తాఁ బట్టిన కుందేటికి మూఁడే కాళ్ళనువాఁడని రెడ్డి యీసడించి, ఆ దినమే కైంకర్యమును బొరుగూరి పూలవర్తకునకుఁ జెప్పించెను. సింగరాచార్యులు గంప నందుకొనునపుడు శఠగోపయ్య మొగము చూడలేదు.

ఆ సంధ్యయందు గోడమీఁదుగా గోధుమవన్నె పెద్దఱెక్కలపురుగొకటి వచ్చి పువ్వు ముందఱ గాలిలో నిలిచి పొడవైన నాలుకను దాని తోఁకలోనికిఁ జొనిపి త్రాగి పోయి మరలఁ దిరిగివచ్చెను. ఆ పంచమినాఁ డతని యింటికి వచ్చిన చుట్టము అదియొక్కటే. కొన్ని దినములకు ఱెక్కలు వాడి వెనుక బెండకాయ పిందెవంటి కాయ తేలెను. కార్తికమున నది పండి యెండినపుడు ఈదమ్మ నెమలిబోడునుండి రెండు గంపల తల్లిమన్ను మోసికొని వచ్చెను. అప్పటికా యేటవాలులో ఱాళ్ళు గొట్టువారి సమ్మెటలు మ్రోఁగుచుండెను. కాయ పగులఁగొట్టఁగా నావగింజలంత విత్తు లుండునని తలఁచిన శఠగోపయ్యకు నరచేతిలో దుమ్ము తప్ప వేఱేమియుఁ గనఁబడలేదు.

"ఇదేనా విత్తు?"

"అదే. గట్టిగా ఊపిరి విడిచేవు, పోతాది. చల్లి మూడు వానలు చూడు. రెండు వానలకు రాలేదని తిట్టుకోవద్దు."

తరువాతి రెండేండ్ల కథ చెప్పుట కేమియు లేదు. కథ లేకపోవుటయే యా రెండేండ్ల బాధ. కోయువారు లేక మల్లెలు చెట్టుననే వాడి నేల రాలెను. ఒకనాఁడు గోడ దూఁకిన మేఁక నదలింపఁబోయి గొంతు పెగలక తన కంఠస్వరమును దానే యెఱుఁగక వెఱచెను. శనివారములలో దర్శనమునకుఁ బోయి జనుల నడుమ నిలిచి, పరాయిచేత వదులుగాఁ గట్టఁబడి నడుమఁ దెగి వ్రేలాడు మాలలను జూచి, చేతులు దురదపెట్టఁగా వెనుకకుఁ గట్టుకొని మరలివచ్చుచుండెను. సింగరాచార్యులు వీథిలో నెదురైనపుడు "బాగుండావా?" యనును, ఇతఁడు తలయూఁపును. రెండవ తొలకరికిఁ దల్లిమొక్క మొలవలేదు. త్రవ్వి చూడరాదని యెఱిఁగియు నీ మాఱు త్రవ్వి చూచెను. ఎలుక గడ్డను సగము కొఱికి విడిచియుండెను. ఆనాఁడు మాత్రము, రెడ్డి మాట విని పువ్వు స్వామి కిచ్చియుండిన గుడియైన మిగిలియుండునే యని యతఁడు నిజముగాఁ బశ్చాత్తాపపడెను. విత్తు చల్లిన మన్ను నల్లగా నూరకయే యుండెను.

మూఁడవ తొలకరి పడిన పదిదినముల కొక యుదయమున నా మన్నులో మెంతియాకంత పచ్చనాకు కనఁబడెను. కలుపేమో యని వంగి చూచెను. దాని ప్రక్క నింకొకటి. బండయొద్ద మూఁడు. గోడవార రెండు. అన్నిటి మడతయు, మొన వంపును, తల్లిమొక్క మొలకకుఁ గల వంపే. శఠగోపయ్య మూఁడుమాఱులు లెక్కించి లేచి వాకిటికిఁ బరుగెత్తి తలుపు తీసెను. వీథిలో జను లుండిరి. ఎద్దులఁ దోలుకొని పోవువాఁడొకఁడు "ఏం నంబీ, ఏమైంది?" యని యాఁగి యడిగెను కూడను. చెప్పిన నేమగును? గరుడపంచమి కెన్ని దినములున్నవని లెక్కపెట్టుదురు. "ఏంలేదు, వాన బాగా పడింది" యని చెప్పి తలుపు చేరవేసికొని, మఱలఁ దెఱచి, తాళము వేసి, కొండదారిఁ బట్టెను.

చెంచుగూడెము నాలుగు క్రోసుల దూరము. అతఁ డెన్నఁడును బోయినవాఁడు కాఁడు. దారి యడుగుచు, బురదలో జాఱుచు, మధ్యాహ్నము దాఁటినపిదపఁ జేరెను. ఈదమ్మ యిప్పుడు కొండ దిగుట మానినది. కన్నులకుఁ బొర కమ్మినది. గుడిసె ముందఱఁ గూర్చుండి గడ్డలు చెక్కుచుండెను. అడుగుల చప్పుడు విని తలయెత్తెను.

"ఎవురది?"

"నేను, శఠగోపయ్యను. మొలిచినాయి ఈదమ్మా."

ఆమె చేతిలోని కత్తి క్రిందఁ బెట్టెను. "ఇది చెప్పనీకే ఇంత దూరం నడిచి వచ్చినావా సామీ?"

"ఊర్లో ఎవరికి చెప్పుకునేది?"

ఆమె గోడ పట్టుకొని లేచెను. తడవుకొనుచు లోనికిఁ బోయి సొరకాయబుఱ్ఱతో నీరు దెచ్చి చేతికిచ్చెను. అతఁడు త్రాగెను. కొండయెక్కి వచ్చిన దాహము గావున నొక్కగుక్కలోఁ ద్రాగెను.

"ఎన్ని మొలిచినాయి?"

"ఏడు."

"ఏడా!" యని ముసలిది పండ్లులేని నోటితో నవ్వెను. "ఏడయితే గూడెమే సామీ. మావీ ఏడు గుడిసెలే. ఇంగ దానికి భయం లేదు."

శఠగోపయ్య కా మాటతో గుండె కరఁగెను. గోదమ్మ పోయినపుడును, గంప చేతినుండి జాఱినపుడును, ఎలుక కొఱికిన గడ్డను జూచినపుడును రాని కన్నీ రిప్పుడు వచ్చి గడ్డమువెంట జాఱెను. ఈదమ్మకుఁ గన్నులు కానరాకున్నను జెవులు చక్కఁగా వినఁబడును.

"ఏడని చెప్పి ఏడుస్తావేంది సామీ?"

అతఁడు నవ్వుటకుఁ బ్రయత్నించెను. పిదపఁ గండువాతో మొగము తుడుచుకొని, బుఱ్ఱ నామె చేతఁ బెట్టి, సాయంకాలము మేఁకలు తోఁటవైపు వచ్చునని జ్ఞప్తికిఁ దెచ్చుకొని లేచెను. గుడిసెల ముంగిళ్ళలోఁ బొయ్యిలు రాఁజుకొనుచు నొకరి నొకరు పిలుచుకొను పిలుపులు వినవచ్చుచుండఁగా, శఠగోపయ్య యేడింటియొద్దకుఁ బోవుటకై యొక్కఁడే కొండ దిగెను.